వానల నేలకు ఏ గొర్రె మంచిది? పర్లాకిమిడి వైపు చిన్న మంద పెట్టేవారికి జాతుల పోలిక

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల గొర్రెల మంద పెడదామనుకునే చాలామంది నోట మొదట వచ్చే మాట నెల్లూరు గొర్రె. వీడియోల్లో దాని ఎత్తు, పొడవు, సంతలో పలికే ధర చూస్తే మనసు అటే పోతుంది. కానీ మంద బతకాల్సింది వీడియోలో కాదు, వంశధార పక్కన, ఆషాఢం నుంచి కార్తీకం దాకా తడారని నేల మీద. అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. 20, 30 జీవాల చిన్న మందకు తల్లి గొర్రెలు గంజాం నాటు రకమే తీసుకోండి. నెల్లూరు రక్తం కావాలంటే పొట్టేలు రూపంలో తెచ్చుకోండి. జత పిల్లల మీద ఆశ ఉంటే కేంద్రపడా రకం ఉంది, అయితే ఇంట్లో పగలూ రాత్రీ చూసుకునే మనుషులుంటేనే. ఎందుకో వివరంగా రాస్తాను. మీ నేల, మీ ఇల్లు వేరుగా ఉంటే మీ జవాబు కూడా మారవచ్చు.

ముందు ఉన్ని సంగతి. దక్కనీ గొర్రె లాంటి ఉన్ని రకాలను మనవైపు అసలు ఆలోచించనక్కర్లేదు. వాటికి ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు కావాలి, ఆ ముతక ఉన్నిని ఇక్కడ కొనే నాథుడు లేడు. పైగా వానలో తడిసిన ఉన్ని రోజులతరబడి ఆరదు. తోక కింద పేడ అంటుకుని, ఈగలు వాలి, పురుగు పడుతుంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో తయారైన నారీ సువర్ణ మంచి రకమే, జత పిల్లలను ఇస్తుంది. కానీ దాని పునాది దక్కనీ కాబట్టి ఉన్ని బెడద దానికీ ఉంది. మనకు కావాల్సింది ఒంటి మీద పొట్టి వెంట్రుక మాత్రమే ఉండే మాంసపు రకం. ఇక్కడ పోలిక అంతా వాటి మధ్యే.

నెల్లూరు: గొప్ప గొర్రే, కానీ పొడి నేలది

మన దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన గొర్రె ఇదే. దూరం నుంచి చూస్తే మేకేమో అనిపిస్తుంది. ఇందులో మూడు రకాలు: ఒళ్లంతా తెల్లగా ఉండేది పల్ల, ఎర్ర గోధుమ రంగుది దొర, తెల్ల ఒంటి మీద కళ్ల చుట్టూ, కింది దవడకు, పొట్టకు, కాళ్లకు నల్ల మచ్చలున్నది జోడిపి. మార్కెట్లో గిరాకీ ఎక్కువ జోడిపికే. మామూలు మేపులో తల్లి గొర్రె 30 కిలోల దగ్గర, పొట్టేలు 36 నుంచి 38 కిలోల దగ్గర తూగుతాయి. దాణా పెట్టి పెంచిన పొట్టేళ్లు ఇంకా ఎక్కువే వస్తాయి. చిత్తూరు జిల్లా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతి మీద ఏళ్ల తరబడి ఎంపిక పని జరుగుతోంది. కాబట్టి మంచి వంశం పొట్టేలు కావాలనుకుంటే వెతకడానికి ఒక చోటుంది.

దీని కష్టమంతా మన నేలతో వస్తుంది. ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో పొడి బీళ్ల మీద, రోజుకు మైళ్లు నడుస్తూ తయారైన జాతి ఇది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. అందులో పెద్ద వంతు నాలుగు నెలల్లోనే. ఆ నాలుగు నెలలూ కాలి కింద బురద, మేతలో తేమ, కొట్టంలో ఉక్క. గిట్టల సందు మెత్తబడి పుండు పడుతుంది. కుంటే గొర్రె మేతకు వెళ్లదు, మేయని గొర్రెకు పాలుండవు, పాలు లేని తల్లి పిల్ల నిలవదు. తెచ్చిన జీవాలు మొదటి వానాకాలంలోనే పలచబడటానికి చాలాచోట్ల మొదటి కారణం ఈ గిట్టే. రెండోది నట్టలు.

నట్టల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే జాతి ఎంపికలో అసలు కీలకం ఇక్కడే ఉంది. నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే సన్నటి పురుగు ఒకటి ఉంటుంది. ఒక్కొక్క ఆడ పురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. వెచ్చదనం, తేమ రెండూ ఉంటే ఆ గుడ్లు పేడలోనే పిల్లలై గడ్డి కొసలకు ఎక్కి కూర్చుంటాయి. మన జులై, ఆగస్టు వాతావరణం వాటికి సరిగ్గా సరిపోతుంది. దీనికి తోడు వరి మళ్ల గట్ల దగ్గర నత్తల ద్వారా వచ్చే కాలేయపు జలగ. పుట్టి పెరిగిన చోట ఇంత ఒత్తిడి చూడని మంద ఒక్కసారిగా ఇక్కడికొస్తే తట్టుకోలేదు. తరతరాలుగా ఇక్కడే మేసిన మందలో తట్టుకోలేనివి ఎప్పుడో పోయాయి, మిగిలినవాటి సంతానమే ఇప్పుడు మనకు కనిపిస్తోంది.

గంజాం నాటు గొర్రె

గంజాం, గజపతి, కోరాపుట్, కంధమాల్ ప్రాంతాల్లో గొల్ల కుటుంబాలు ఎప్పటినుంచో మేపుతున్న రకం ఇది. గోధుమ రంగు నుంచి ముదురు ఎరుపు దాకా ఉంటుంది. కొన్నిటికి ముఖం మీదా ఒంటి మీదా తెల్ల మచ్చలు. మధ్యస్థంగా వేలాడే చెవులు, కాస్త ఉబ్బిన ముక్కు, సన్నటి తోక. మగవాటికి కొమ్ములుంటాయి, ఆడవాటికి ఉండవు. కత్తిరింపు పని లేదు. తల్లి గొర్రె బరువు 24, 25 కిలోల దగ్గర ఆగిపోతుంది. దీన్ని చాలామంది చిన్నచూపు చూసేది ఈ బరువు వల్లే.

ఆ చిన్నచూపు లెక్క తెలియక వచ్చేది. గొర్రె రోజుకు తన బరువులో 3 నుంచి 3.5 శాతం ఎండు మేత తింటుంది. అంటే 30 కిలోల నెల్లూరు తల్లులు 20 ఉంటే మంద మొత్తం బరువు 600 కిలోలు. అదే మేతకు 24 కిలోల గంజాం తల్లులు 25 బతుకుతాయి, వాటి బరువూ 600 కిలోలే. రెండు జాతులూ ఎక్కువగా ఒక్కో పిల్లనే ఈనుతాయి. అంటే ఒక దగ్గర 20 ఈతలు, ఇంకో దగ్గర 25. పిల్ల కాస్త చిన్నదైనా, సంఖ్య ఎక్కువ, చావులు తక్కువ. నిలిచిన పిల్లల లెక్క తీస్తే తూకంలో నాటు మంద వెనకబడదు. జబ్బు చేసి ఒక గొర్రె పోయిందనుకోండి, 25లో ఒకటి పోవడం వేరు, ఎక్కువ డబ్బు పోసి తెచ్చిన 20లో ఒకటి పోవడం వేరు. చిన్న రైతుకు ఈ తేడా చాలా పెద్దది.

లోటు కూడా చెప్పాలి. గంజాం పిల్ల నెమ్మదిగా పెరుగుతుంది. మాంసం కొట్టు వాళ్లు బరువున్న పొట్టేలుకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తారు. అక్కడే నెల్లూరు పొట్టేలు పనికొస్తుంది.

మంచి జోడిపి పొట్టేలును గంజాం తల్లుల మీదికి వదిలితే పుట్టిన పిల్లలు తల్లి ఓర్పును కొంత, తండ్రి ఎదుగుదలను కొంత తెచ్చుకుంటాయి. అయితే తొలిచూలు గొర్రెల మీదికి మాత్రం పెద్ద పొట్టేలును పంపకండి. పిల్ల పెద్దదై ఈత కష్టమవుతుంది. రెండో ఈత దాటినవాటికే ఆ పొట్టేలు. ఇంకో జాగ్రత్త: సంకర ఆడపిల్లలన్నిటినీ మందలో ఉంచుకుంటూ పోతే నాలుగైదేళ్లలో మీ మంద మొత్తం నెల్లూరు వైపు ఒరిగిపోతుంది, పాత కష్టాలన్నీ తిరిగొస్తాయి. ఒక ఏడు గంజాం పొట్టేలు, మరుసటి ఏడు జోడిపి పొట్టేలు పెట్టి, తల్లులుగా గంజాం పొట్టేలుకు పుట్టిన ఆడపిల్లలనే ఉంచుకుని, సంకర పిల్లలను ఆడా మగా మాంసానికే అమ్మేయడం నాకు సరైన దారిగా తోస్తుంది. 20 నుంచి 30 తల్లులకు ఒక పొట్టేలు చాలు. పక్క ఊరి మందతో పొట్టేలును మార్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, తండ్రి తన కూతుళ్లనే దాటే ప్రమాదమూ తప్పుతుంది.

కేంద్రపడా: జత పిల్లల గొర్రె

ఒడిశా తీరంలో కేంద్రపడా, జగత్‌సింగ్‌పూర్ జిల్లాల గొర్రె. చిన్న ఒళ్లు, 20 కిలోలకు అటూ ఇటూ. తడి నేల దీనికి కొత్త కాదు, అక్కడి డెల్టాలోనే పుట్టింది. దీని ప్రత్యేకత ఫెక్‌బి అనే జన్యువు. అది ఉన్న తల్లి ఒక ఈతలో రెండేసి పిల్లలను వేయడం మామూలు. బెంగాల్ సుందర్‌బన్స్‌లోని గారోల్ గొర్రెలో కూడా ఇదే జన్యువుంది. ఆస్ట్రేలియాలో పేరుపడ్డ బూరూలా మెరినోకు ఇది 18వ శతాబ్దం చివర కలకత్తా నుంచి ఓడల్లో వెళ్లిన బెంగాల్ గొర్రెల ద్వారానే చేరిందని పరిశోధకులు భావిస్తారు. మన తూర్పు తీరపు చిన్న గొర్రెకు ఇంత విలువ ఉందని మనకే సరిగా తెలియదు.

ఈ జన్యువు గురించి ఊళ్లలో ఒక పొరపాటు మాట తిరుగుతోంది. కేంద్రపడా పొట్టేలును కొని మందలో వదిలితే వచ్చే ఈత నుంచే కవలలు పుడతాయని అమ్మేవాళ్లు చెబుతారు. అలా జరగదు. ఒక ఈతలో ఎన్ని పిల్లలన్నది తల్లి విడుదల చేసే అండాల మీద ఆధారపడుతుంది, పొట్టేలు మీద కాదు. ఆ పొట్టేలుకు పుట్టిన కూతుళ్లు పెరిగి ఈనినప్పుడే ఫలితం కనిపిస్తుంది. అదీ పొట్టేలులో ఆ జన్యువు నిజంగా ఉంటేనే. కాబట్టి ఆ పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే, తొందరపడి ఇవ్వకండి.

జత పిల్లలంటే రెట్టింపు లాభం అనిపిస్తుంది. కానీ 20 కిలోల తల్లి రెండు పిల్లలకు సరిపడా పాలు ఇవ్వాలంటే చూలు ఆఖరి ఆరు వారాలూ రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా అదనంగా పడాలి. పుట్టిన గంటలోపు రెండు పిల్లలకూ జున్నుపాలు అందాయో లేదో మనిషి కూర్చుని చూడాలి. బలహీనమైన పిల్ల పొదుగు దాకా రాలేకపోతే పితికి పట్టాలి. ఇంట్లో మేక ఉంటే దాని పాలు బాగా అక్కరకొస్తాయి. ఈ పని చేసేవాళ్లున్న ఇంట్లో, కొట్టం ఇంటి పక్కనే ఉన్నచోట కేంద్రపడా చాలా మంచి ఎంపిక. మందను కూలికి వచ్చే కాపరి చేతిలో పెట్టి, మీరు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ వారానికొకసారి వెళ్లి చూసే ఏర్పాటైతే దాని జోలికి వెళ్లకండి. రెండో పిల్ల చాలావరకు మీకు దక్కదు.

మిగతావి క్లుప్తంగా. మాచర్ల గొర్రె బరువైనది, పొట్టేళ్లు 40 కిలోలు దాటుతాయి. తెల్ల ఒంటి మీద పెద్ద నల్ల, గోధుమ మచ్చలతో చూడముచ్చటగా ఉంటుంది. కానీ పల్నాడు, నల్లగొండ పొడి నేలది, నెల్లూరుకు చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది. డార్పర్ దక్షిణాఫ్రికాలో 1930ల్లో, ఎండు బీడు భూముల కోసం తయారుచేసిన జాతి. కండ పట్టడంలో దానికి సాటి తక్కువ. మన తేమలో, మన నట్టల మధ్య, అంత డబ్బు పోసి ఒక చిన్న రైతు ఆ ప్రయోగం చేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. దాని సంకరమని చెప్పి అమ్మే ప్రతి తెల్ల పొట్టేలులోనూ ఆ రక్తం ఉంటుందన్న హామీ కూడా లేదు.

మీ ఇల్లు, మీ నేల చూసుకోండి

జీడి తోటల కింద మేపుకునే వీలున్నవాళ్లు అదృష్టవంతులు. మేకలంటే తోట యజమానులు ఒప్పుకోరు, చిగుళ్లు కొరికేస్తాయని. గొర్రె తల వంచి నేల మీది గడ్డే మేస్తుంది కాబట్టి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అలాంటి ఎత్తు నేల, నీరు నిలవని నేల ఉంటే నెల్లూరు సంకరాలను కాస్త ధైర్యంగా పెంచవచ్చు. వరి మళ్ల మధ్య, గట్ల మీదే మేపు అయితే గంజాం తప్ప వేరే మాట వద్దు. పంట కోశాక పొలాల్లో రాత్రి మంద కట్టిస్తే ఎరువు కోసం రైతులు ధాన్యమో డబ్బో ఇస్తారు. ఆ రాబడిలో సంఖ్యకే విలువ, ఎత్తుకు కాదు.

కట్టి మేపాలనుకునేవాళ్లకు మాట వేరు. పావు ఎకరం పచ్చగడ్డి, అవిశ, సుబాబుల్, మునగ ఉండి, వెదురు తడికలతో నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున అంతస్తు కొట్టం కట్టుకుంటే గిట్టల బాధా, నట్టల బాధా సగానికి పైగా తగ్గిపోతాయి. పెద్ద గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగులు ఇవ్వండి. మన కొండల్లో వెదురుకు కరువు లేదు. అలాంటి కొట్టంలో జోడిపి పొట్టేలు పిల్లలను మూడు నాలుగు నెలల వయసులో కొని, మేపి, బరువెక్కించి అమ్మడం మంచి పని. అది మంద పెంపకం కాదు, బరువు పెంపకం. అందులో నెల్లూరుకే నా ఓటు. కొట్టం మాత్రం వాగు పక్కన, కొండచరియ కింద వేయకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి కొండల్లో చరియలు విరిగిపడి ఏం జరిగిందో మనవైపు అందరికీ గుర్తే.

సబ్సిడీ గురించి ఒక మాట. జాతీయ పశుసంపద మిషన్ పథకం 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ దగ్గర మొదలవుతుంది. దాని కోసమే ఒక్కసారిగా వంద పెట్టకండి. తెలంగాణలో 2017లో పంచిన యూనిట్ 20 గొర్రెలు, 1 పొట్టేలు. కొత్తవాళ్లకు అదే సరైన కొలత.

అమ్మకం కాలం మీ లెక్కలో ఉండాలి

మన సరిహద్దు ఊళ్లలో రెండు క్యాలెండర్లు నడుస్తాయి. ఒడియా ఇళ్లలో ఆశ్వయుజ పున్నమి దాటగానే మాంసం ముట్టని కార్తీక నియమం మొదలై కార్తీక పున్నమితో ముగుస్తుంది. మరుసటి రోజే ఛాడఖాయి, అంటే మళ్లీ మాంసం తినడం మొదలుపెట్టే రోజు. ఆ తెల్లవారుజామునే మాంసం కొట్ల ముందు జనం వరస కడతారు. మన తెలుగు ఇళ్లలో కార్తీకం దీపావళి మరునాడు మొదలై అమావాస్య దాకా సాగుతుంది. మార్గశిరంలో ఒడియా ఇళ్లలో గురువారాలు మాంసం ముట్టరు. జనవరిలో కనుమకు తెలుగువైపు గిరాకీ ఒక్కసారిగా లేస్తుంది. ఒడియావాళ్లకు ఖాసీ (విత్తులు కొట్టిన మేకపోతు) మాంసం మీద మక్కువ, గొర్రెకు అక్కడ కాస్త తక్కువ మాటే. టెక్కలి, పాతపట్నం వైపు ఆ తేడా అంతగా ఉండదు. అందుకే కనుమ గొర్రెల వాళ్లకు అసలైన పండగ.

ఈ లెక్కకు సరిపోవాలంటే పొట్టేలును సెప్టెంబర్ మధ్య నుంచి మందలో వదలండి. గొర్రె చూలు ఐదు నెలలు. పిల్లలు ఫిబ్రవరి, మార్చిలో పొడి వాతావరణంలో పుడతాయి, వానలు దిగేసరికి పాలు మరిచి గట్టిపడతాయి, ఛాడఖాయికి, కనుమకు తూకానికి వస్తాయి. మే, జూన్‌లో దాటిస్తే పిల్లలు తుఫాన్ల కాలంలో పుట్టి, జలుబు చేసి, ఊపిరితిత్తులకు పట్టి పోతాయి. ఏ జాతి అయినా ఇదే.

కొనేటప్పుడు చేత్తో చూడండి

సంతలో కన్నా మందలో కొనడం మేలు, వానాకాలం చివర కొనడం ఇంకా మేలు. ఆ నాలుగు నెలలు దాటి నిలబడ్డ గొర్రె తన పరీక్ష తాను రాసేసినట్టే. గొర్రె తలను మీ మోకాలికి ఆనించి, బొటనవేలితో పైరెప్పను మెల్లగా నొక్కి, కింది రెప్పను కిందికి లాగండి. లోపలి పొర దానిమ్మ గింజ రంగులో ఉంటే రక్తం బాగుంది. లేత గులాబీ అయితే అనుమానించండి. తెల్లగా పాలిపోతే, దవడ కింద నీరు దిగి మెత్తగా తగిలితే, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. తర్వాత నాలుగు కాళ్లూ ఎత్తి గిట్టల సందు చూడండి, వాసన చూడండి. పొదుగును రెండు చేతులతో తడిమితే గడ్డలు తగలకూడదు. పళ్లు చూస్తే వయసు తెలుస్తుంది: రెండు పెద్ద పళ్లుంటే ఏడాది దాటింది, నాలుగుంటే రెండేళ్లు, ఆరుంటే మూడేళ్లు, ఎనిమిదీ నిండితే నాలుగేళ్లు. తల్లులుగా రెండు, నాలుగు పళ్లవే తీసుకోండి.

రాష్ట్రం దాటించేటప్పుడు పశువైద్యుడిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. ఇంటికి తెచ్చాక మూడు వారాలు మీ పాత జీవాలకు దూరంగా కట్టండి. ఈలోగా పీపీఆర్ (గొర్రెలకు, మేకలకు వచ్చే ప్లేగు లాంటి అంటురోగం) టీకా వేశారో లేదో కనుక్కుని, లేకపోతే వేయించండి. చిటుకు రోగం టీకా ఏటా మే నెలలో, వానలు దిగకముందే పడాలి. నీలి నాలుక, అమ్మోరు టీకాల సంగతి మీ పశువుల ఆసుపత్రిలో అడగండి. నట్టల మందు మంద మొత్తానికి నెలనెలా పోస్తూ పోతే కొన్నాళ్లకు పురుగు మందుకు లొంగదు. కనురెప్ప చూసి, పాలిపోయినవాటికే పోయండి. చూలు మొదటి నెలలో ఉన్నవాటికి ఆల్బెండజోల్ పోయవద్దు. వానాకాలంలో మంచు ఆరాకే, అంటే పొద్దు బాగా పైకి వచ్చాకే మేతకు తోలండి. నత్తలున్న మడుగుల వైపు అసలు తోలవద్దు.